సేవకు సంస్థను ఎంచుకోవడం – నాలుగో పాఠం: నంబరు దగ్గర ఆగిపోకండి

మీరు పని చేయదలచుకున్న స్వచ్ఛంద సంస్థ కాగితాలను ఎక్కడ, ఎలా చూడాలో మూడో పాఠంలో చెప్పుకున్నాం. ఒక సంస్థను ఎంచుకొని, అది నమ్మదగినదేనా అని చూసి మార్కులు వేయమని దాని చివర ఇచ్చిన అభ్యాసానికి హనుమకొండ, కాజీపేట, జనగామ, నర్సంపేట, ములుగుల నుంచి వచ్చిన జవాబులన్నీ చదివాను. నిజానికి ఈ పాఠమంతా సంస్థకు వెళ్ళి మాట్లాడే పద్ధతికి కేటాయించవలసింది. అయితే జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట తప్పటడుగు వేసినందువల్ల, ముందు దానిని సరిదిద్దుకుందాం.

'సంస్థకు దర్పణ్ నంబరు ఉంది, కనుక నమ్మదగినది' అన్న వాక్యమే అటూ ఇటూగా చాలా జవాబుల్లో కనిపించింది. ఎన్‌జీఓ దర్పణ్ అనేది నీతి ఆయోగ్ నడిపే పోర్టల్. కేంద్ర ప్రభుత్వ గ్రాంటు కోరే సంస్థలు అందులో పేరు నమోదు చేసుకొని ఒక గుర్తింపు సంఖ్య తీసుకుంటాయి. అక్కడ కనిపించే వివరాలన్నీ సంస్థ తన గురించి తాను ఇచ్చుకున్నవే. ఆ సంస్థ పిల్లలకు నిజంగా చదువు చెప్పిందా, దుప్పట్లు నిజంగా పంచిందా అని నీతి ఆయోగ్ ఉద్యోగి ఎవరూ ములుగు దాకా వచ్చి చూడరు. కొన్ని సంస్థలు ఆ నంబరును బ్యానరు మీద 'భారత ప్రభుత్వ గుర్తింపు పొందినది' అంటూ పెద్ద అక్షరాలతో వేసుకుంటాయి. చదువుకున్నవారు కూడా ఆ అక్షరాలను చూసి తృప్తి పడి వెనక్కి తిరగడం నన్ను నిజంగా బాధిస్తుంది, అందుకే ఈ ఒక్క విషయాన్ని విడమరచి చెబుతున్నాను.

సొసైటీ నమోదు సంగతీ అంతే. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కలిసి నియమావళి రాసుకొని జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేసుకుంటే సొసైటీ ఏర్పడుతుంది. ఆ ఏడుగురు ఫలానా రోజున ఒక సంఘం పెట్టుకున్నారని మాత్రమే సర్టిఫికెట్ చెబుతుంది. ట్రస్టు అయితే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు నమోదై ఉంటుంది. 2013 కంపెనీల చట్టం ఎనిమిదో సెక్షన్ కింద ఏర్పడిన లాభాపేక్ష లేని కంపెనీ అయితే దాని వివరాలు కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఉంటాయి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 80జీ నమోదు దాతకు పన్ను మినహాయింపు కోసం ఏర్పడినది. రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన చందాకు ఆ మినహాయింపు కూడా దొరకదు. విదేశీ నిధులకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి వేరు. వీటిలో ప్రతి కాగితం ఒక్కొక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. 'ఇక్కడ నా శ్రమ సద్వినియోగం అవుతుందా' అన్న మీ ప్రశ్నకు జవాబు వాటిలో వెతకకండి.

దీనికి రెండో కొస కూడా ఉంది. ఒక పాఠకుడు రెడ్ క్రాస్ శాఖకు సొసైటీ నంబరు దొరకలేదని దానిని పక్కన పెట్టేశారు. ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ 1920లో అప్పటి కేంద్ర శాసన మండలి చేసిన ప్రత్యేక చట్టం ద్వారా ఏర్పడినది కనుక దానికి జిల్లా రిజిస్ట్రారు సర్టిఫికెట్ అక్కర లేదు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం, అంటే కాలేజీల్లో ఉండే ఎన్‌ఎస్‌ఎస్, అసలు స్వచ్ఛంద సంస్థే కాదు, అది ప్రభుత్వ కార్యక్రమం. ఇక ఊళ్ళో పదిమంది యువకులు కలిసి చెరువుకట్ట మీది తుమ్మచెట్లు కొట్టి శుభ్రం చేస్తూ ఉంటే, వారికి 80జీ లేదని తప్పు పట్టిన జవాబు కూడా వచ్చింది. వారు బయటివారి దగ్గర చందా వసూలు చేయడం లేదు, చేతిలో పారలు, గొడ్డళ్ళు మాత్రమే ఉన్నాయి. అక్కడ చూడవలసింది వారికి చెరువు మీద పని చేసేందుకు గ్రామ పంచాయతీ ఒప్పుదల ఉన్నదా లేదా అన్నది.

అయితే కాగితాలు ఎందుకు చూడమన్నానని మీరు అడగవచ్చు. పేర్లు తెలుసుకోవడానికి చూడమన్నాను. సొసైటీ తన కార్యవర్గ సభ్యుల జాబితాను ఏటా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. నేను ఆ జాబితాలో మొదట ఇంటిపేర్లు చదువుతాను. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిదీ ఒకే ఇంటిపేరైతే, ఖర్చు చేసినవారిని ప్రశ్నించే మనిషి ఆ గదిలో లేడని అర్థం. ఇది దోషానికి రుజువు అనుకోకండి, కుటుంబమంతా నిజాయితీగా నడిపే సంస్థలూ ఉన్నాయి. కానీ ఆ సంస్థలో మీరు అడగవలసిన ప్రశ్నలు ఎక్కువవుతాయి. ట్రస్టుకన్నా సొసైటీ వైపే నేను మొగ్గడానికి కారణం ఇదే: సొసైటీలో సర్వసభ్య సమావేశం ఉంటుంది, దానికి తీర్మానాల పుస్తకం ఉంటుంది, ఆ పుస్తకంలో ఎవరైనా ఒక ఖర్చును వ్యతిరేకించిన మాట ఒక్కసారైనా కనిపిస్తే నాకు ధైర్యం కలుగుతుంది.

లెక్కల పత్రం చదవడానికి నాకు ఒక దగ్గరి దారి ఉంది. వరుసగా రెండేళ్ళ వసూళ్ళు, చెల్లింపుల పత్రాలు తీసుకొని, మొదటి ఏడాది పత్రంలో చివరి వరుసలోని ముగింపు నిల్వను, రెండో ఏడాది పత్రంలో మొదటి వరుసలోని ప్రారంభ నిల్వతో పోల్చి చూస్తాను. అవి రెండూ సరిపోకపోతే మిగిలిన పత్రం చదవకముందే కోశాధికారిని అడుగుతాను. సరిపోతే ఖర్చుల్లో అన్నింటికన్నా పెద్ద పద్దు దగ్గరికి వెళతాను. వృద్ధాశ్రమంలో పెద్ద పద్దు భోజనం, మందులు, జీతాలు అయి ఉండాలి. 'సమావేశాలు, ప్రచారం' పెద్ద పద్దు అయితే ఆ సంస్థకు వృద్ధులకన్నా వేదికలే ముఖ్యమని అనుకోవలసి వస్తుంది.

ఇప్పుడు సంస్థకు వెళ్ళే విషయం. వెళ్ళే ముందు ఫోను చేయడం, సమయానికి వెళ్ళడం వంటివి చెప్పనక్కర లేదు. కానీ ముగ్గురు నలుగురు పాఠకులు కాగితం మీద ఇరవై ప్రశ్నలు రాసుకొని తనిఖీ అధికారుల్లాగా కూర్చున్నారని తెలిసింది. పరకాల దగ్గర ఒక చిన్న సంఘం వారు నొచ్చుకొని, మళ్ళీ రావద్దని చెప్పారట. వారి స్థానంలో ఉంటే నేనూ నొచ్చుకొనేవాణ్ణి. జరిగిపోయిన ఒకే ఒక పనిని పట్టుకొని దాని గురించి మాట్లాడండి. 'అక్కా, పోయినసారి దుప్పట్లు పంచినప్పుడు ఎవరికి ఇయ్యాల్నో ఎట్ల నిర్ణయించిండ్రు?' అని అడిగితే, పని చేసినవారు మీరు ఆపేదాకా చెబుతూనే ఉంటారు. పని చేయనివారు ఫొటోల ఆల్బం తెరుస్తారు.

2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగినప్పుడు, ఇటు వరంగల్‌లో నయీంనగర్ వైపు కాలనీలు నీళ్ళలో ఉన్నప్పుడు సాయం చేయడానికి ఎంతో మంది కదిలారు. అటువంటి సమయంలో బియ్యం, దుప్పట్లు పంచిన ఒక సంఘం రిజిస్టరును తరువాత చూశాను. పేరు, ఇంటి నంబరు, ఇచ్చిన వస్తువు, సంఖ్య, సంతకం లేదా వేలిముద్ర అని గడులు గీసి ఉన్నాయి. వాన తడికి కొన్ని పుటల్లో సిరా చెదిరింది. ఒక వరుసలో దుప్పట్లు 2 అని రాసి, కొట్టివేసి, 1 అని రాశారు. కొట్టివేత పక్కన పంచినవారి పొట్టి సంతకం, తీసుకున్నామె వేలిముద్ర రెండూ ఉన్నాయి. ఆ ఒక్క వరుస నాకు ఆడిటరు ముద్రకన్నా ఎక్కువ చెప్పింది. మొదటి పుట నుంచి చివరి పుట వరకు ఒకే కలంతో, ఒకే చేతిరాతతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఉన్న రిజిస్టరు అయితే, దానిని ఒకేచోట కూర్చొని తరువాత నింపి ఉంటారని అనుమానించాలి.

పిల్లల గృహాల విషయంలో నా పట్టు ఇంకా గట్టిది. మొదటి రోజే మిమ్మల్ని లోపలికి పంపి, పిల్లలను మీ చుట్టూ నిలబెట్టి, ఫొటో తీసుకొమ్మనే గృహానికి రెండోసారి వెళ్ళకండి. మిమ్మల్ని అంత సులువుగా నమ్మినవారు అందరినీ అంతే సులువుగా నమ్ముతారు. 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి పిల్లల సంరక్షణ గృహమూ నమోదై ఉండాలి. 74వ సెక్షన్ ప్రకారం రక్షణ అవసరమైన పిల్లల పేరు, బడి, ఫొటో బయటపెట్టడం నేరం, దానికి ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మంచి గృహం మీ గుర్తింపు కార్డు అడుగుతుంది, మీ గురించి చెప్పగల ఇద్దరి ఫోను నంబర్లు తీసుకుంటుంది, కొన్ని వారాలు వంటగదిలోనో, లెక్కలు రాసే బల్ల దగ్గరో మాత్రమే పని ఇస్తుంది. 'మమ్మల్ని అనుమానించారు' అని ఒక పాఠకురాలు అటువంటి గృహానికి తక్కువ మార్కులు వేశారు. అమ్మా, ఆ మార్కులు తిప్పి వేయండి.

స్త్రీలకు ఒక మాట. పనిచోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం జీతం లేకుండా స్వచ్ఛందంగా పని చేసేవారికీ వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పని చేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలి పేరు అడగండి. తడుముకోకుండా చెప్పగలరా లేదా అన్నది గమనించండి.

ఈసారి అభ్యాసం కష్టమైనదే, అయినా వాయిదా వేయకండి. మీరు మూడో పాఠంలో ఎంచుకున్న సంస్థనే తీసుకోండి. అది సొసైటీ అయితే జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి కార్యవర్గ జాబితా నకలు తెచ్చుకొని, సంస్థ ఆఫీసు గోడ మీది బోర్డుతో పేరుపేరునా సరిచూడండి. రెండేళ్ళ లెక్కలు అడిగి నిల్వలు పోల్చండి. ఆ సంస్థలో పని చేసి మానేసిన ఒక వ్యక్తిని వెతికి, ఎందుకు మానేశారో వారి మాటల్లోనే రాసుకోండి. తరువాత అదే సంగతిని, మానేసినవారి పేరు చెప్పకుండా, సంస్థవారిని అడిగి వారి జవాబు పక్కనే రాయండి. రెండు జవాబులూ పూర్తిగా ఒకేలా ఉండవు. ఎక్కడ విడిపోయాయో గీత గీసి నాకు పంపండి, అయిదో పాఠం ఆ గీతల దగ్గరే మొదలుపెడతాను.