వాషింగ్ మెషీన్ నుంచి కాలిన వాసన వస్తే
వైరు కాలిన వాసన రాగానే గోడ స్విచ్ కట్టేయండి. స్విచ్ బోర్డు వేడెక్కినా, పొగ వస్తున్నా దాన్ని ముట్టుకోకుండా నేరుగా ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్) దించేయండి. నీళ్లు మాత్రం చల్లొద్దు.

తర్వాత ప్లగ్ లాగి పిన్నులు చూడండి. చాలాసార్లు లోపం మెషీన్‌లో కాదు, సాకెట్‌లో ఉంటుంది. పిన్ను నల్లబడి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగితే కనెక్షన్ లూజైనట్టే. నీళ్లు వేడిచేసే ఫ్రంట్ లోడ్ మెషీన్ 2000 వాట్ల దాకా లాగుతుంది, అంటే దాదాపు 9 ఆంపియర్లు. 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెడితే కరగక ఏమవుతుంది? ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ విడిగా వేయించండి. కాలిన ప్లగ్ కూడా మార్పించండి, లేకపోతే కొత్త సాకెట్‌నూ పాడుచేస్తుంది.

ప్లగ్ శుభ్రంగానే ఉండి రబ్బరు వాసన వస్తుంటే, బట్టలు ఎక్కువై బెల్టు జారుతుండొచ్చు. ఏదైనా సరే, మెకానిక్ చూసేదాకా ఇంకో ట్రిప్పు వేయకండి.