స్పోర్ట్స్ బైక్ ఎంచుకుందాం - 3వ పాఠం: కాలు నేలకు అందుతోందా?

పోయిన పాఠంలో హ్యాండిల్, నడుము సంగతి చూశాం. ఈసారి సీటు ఎత్తు. దీని మీద నాకు పట్టింపు ఎక్కువ. మా విశాఖలో సిరిపురం నుంచి బీచ్ వైపు దిగుతుంటే ఒకరోజు ముందున్న ఆటో ఆగింది, నేనూ ఆగి ఎడమ కాలు దించాను, కానీ అక్కడ రోడ్డు అంచు జానెడు కిందికి దిగిపోయి ఉంది. కాలు నేలను వెతుక్కునేలోపే బండి ఒరిగిపోయింది. క్లచ్ లివర్ విరిగింది, మోకాలు వారం రోజులు వాచింది. కొనేటప్పుడు షోరూమ్‌లో టైల్స్ మీద కూర్చుని "అందుతోందిలే" అనుకున్న బండే అది.

ముందు మీ కాలి కొలత తీయండి. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడి, ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి గట్టిగా, సీటు మీద కూర్చున్నట్టే అనిపించేంత వరకు నొక్కిపెట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా ఇంకొకరి చేత టేపుతో కొలిపించండి. ప్యాంటు కొలత పనికిరాదు, అది వేరు. వచ్చిన అంకెకు మీరు రోజూ బండి మీద వేసుకునే షూ సోలు మందం కలపండి.

ఇప్పుడు దాంతో పోల్చుకోవడానికి బండి అంకె, అంటే నేల నుంచి సీటు దాకా ఎత్తు చూద్దాం. యమహా ఆర్15 వీ4 సీటు 815 మిల్లీమీటర్లు, అపాచీ ఆర్ఆర్ 310 ది 810, జిక్సర్ ఎస్ఎఫ్‌ది 795. అదే యమహాలో ఇంజిన్ రెండింతలున్న ఆర్3 మాత్రం 780 మాత్రమే, అంటే మన ఇళ్లలో ఉండే స్ప్లెండర్ కంటే కూడా కాస్త తక్కువ. కాబట్టి పెద్ద ఇంజిన్ అంటే ఎత్తు బండి అని ముందే భయపడొద్దు.

అయితే ఈ అంకె సగం సంగతే చెబుతుంది. సీటు ట్యాంకు దగ్గర సన్నగా ఉంటే కాళ్లు తిన్నగా కిందికి దిగుతాయి, వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు తెరుచుకుని అదే ఎత్తులో కూడా మడమ గాల్లో ఉండిపోతుంది. పైగా మనం కూర్చోగానే సస్పెన్షన్, అంటే కుదుపులు ఆపే స్ప్రింగులు, కొంత కుంగుతుంది. 85 కిలోల స్నేహితుడికి కుంగినంత 55 కిలోల మీకు కుంగదు, అందుకే మీ ఎత్తే ఉన్న వాడు "నాకు బాగానే అందింది" అన్నా నమ్మి కొనకండి.

అసలు పరీక్ష ఇది. స్టాండు తీయించి, కుడి పాదం వెనక బ్రేకు మీద ఉంచి, ఎడమ కాలు ఒక్కటే దించండి. ఎత్తు ఎక్కుతూ ఆగినప్పుడు మనం నిలబడేది ఆ ఒక్క కాలి మీదే. రెండు మడమలూ నేలకు తాకాలని లేదు, ఎడమ పాదం ముందు భాగమంతా గట్టిగా ఆనితే చాలు. వేళ్ల కొసలే తాకుతున్నాయా? అయితే ఆ బండి ప్రస్తుతానికి మీది కాదు. వాన నీళ్లు పారడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు, మనం ఆగేది ఎడమ పక్కన, అంటే షోరూమ్‌లో అందిన నేల రోడ్డు మీద ఇంకా కిందే ఉంటుంది. బీచ్ రోడ్డులో దాని మీద ఇసుక కూడా ఉంటే వేళ్లు జారిపోతాయి.

ఇంకొకటి, సీటు మీదే కూర్చుని కాళ్లతో బండిని నాలుగడుగులు వెనక్కి నెట్టి చూడండి. ఆర్15 బరువు దాదాపు 140 కిలోలు, ఆర్ఆర్ 310 బరువు 174 కిలోలు. ముందు చక్రం పల్లానికి ఉన్నప్పుడు కాలి కొసలతో అంత బరువు వెనక్కి రాదు.

సీటు ఫోమ్ కోయించడం గురించి అందరూ అడుగుతారు. ఎత్తు తగ్గుతుంది నిజమే, కానీ ఫుట్‌రెస్ట్ అక్కడే ఉంటుంది కనుక మోకాళ్లు ఇంకా మడవాల్సి వస్తుంది, భీమిలి దాకా వెళ్లేసరికి నొప్పి తెలుస్తుంది. వెనక సస్పెన్షన్‌ను కలిపే లింకులు మార్చి వెనక భాగం దించితే బండి తిరిగే తీరు మారిపోతుంది, సైడ్ స్టాండు పొడవైపోతుంది, స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగులుతుంది. నేనైతే ఆ డబ్బుతో మందం సోలున్న రైడింగ్ బూట్లు కొనమంటాను.

ఈ వారం పని: కాలి కొలత రాసిపెట్టుకోండి. ఆదివారం పొద్దున్నే స్నేహితుడి బండి అడిగి, చినవాల్తేరులో ట్రాఫిక్ లేని ఏదైనా వాలు సందులో, అతన్ని పక్కనే నిలబెట్టుకుని, వాలు ఎక్కుతూ అయిదుసార్లు, వాలు దిగుతూ అయిదుసార్లు ఆగి చూడండి. ఎన్నిసార్లు పాదం తడబడిందో లెక్క ఉంచుకోండి, బండి బరువు గురించి చెప్పే 4వ పాఠంలో ఆ లెక్కతో పని ఉంది.