రోజుకు 2 నిమిషాలు ముందుకెళ్లిన నా క్రోనోగ్రాఫ్
11 ఏళ్లుగా నా చేతికున్న స్విస్ వాచీ, స్టాప్‌వాచ్ కూడా ఉన్న క్రోనోగ్రాఫ్. లోపల వాల్జూ 7750 అనే మెకానికల్ యంత్రం, గంటకు 28,800 బీట్లు (టిక్కులు). అలిపిరి మెట్లెక్కిన ప్రతిసారీ టైం దీంతోనే చూసుకుంటాను. మొన్న ఉన్నట్టుండి రోజుకు 2 నిమిషాలు ఫాస్ట్. కింద పడలేదు, తడవలేదు. చాలా టెన్షన్ పడ్డాను.

ఫోన్‌లో కంపాస్ తెరిచి వాచీని దగ్గరకు తెస్తే ముల్లు గిర్రున తిరిగింది. అయస్కాంతం పట్టిందన్నమాట! వాచీ వేగాన్ని అదుపులో ఉంచే, వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే దాని పొడవు తగ్గినట్టే, వాచీ పరిగెడుతుంది. రాత్రిళ్లు బ్లూటూత్ స్పీకర్ మీద పెట్టేవాణ్ణి, అదీ సంగతి.

తిరుపతిలో మా వాచీ రిపేరు పెద్దాయన వెనక మూత కూడా తీయలేదు. అయస్కాంతత్వం పోగొట్టే డీమాగ్నటైజర్ మీద పెట్టి, బటన్ నొక్కి పట్టుకునే వాచీని మెల్లగా మూరెడు దూరం జరిపి, అప్పుడు వదిలారు. ఇప్పుడు తేడా రోజుకు 6 సెకన్లే. రాత్రిళ్లు చెక్క పెట్టెలో పెడుతున్నాను.