ముందు చెరువు అంచును చదవండి

చెరువును కాపాడాలని ముచ్చటపడి వచ్చేవాళ్లు మొదట అడిగేది "ఎప్పుడు శుభ్రం చేద్దాం?" అనే. ఒక ఏడాది ఊరికే చూడండి, ఆ తర్వాత చెయ్యి పెట్టండి అంటాను. నేను అలా చేయలేదు. పదిమందిమి కలిసి ఒక కుంట చుట్టూ ఉన్న జమ్ము, తుంగ మొత్తం ఒక్క రోజులో పీకేశాం. నీళ్లు అద్దంలా మెరిశాయి. ఆ ఏడు అక్కడ తూనీగలు పల్చబడ్డాయి, బుడుబుంగలు గూడు కట్టలేదు. మేం చెత్త అనుకున్నది వాటి ఇల్లు.

అందుకే అంచు దగ్గర మొదలుపెట్టండి. తెల్లవారుతుండగానే వెళ్లి, నీరూ నేలా కలిసే చోట కదలకుండా కూర్చోండి. మొదటి పావుగంట ఏమీ కనిపించదు, మీ అడుగుల చప్పుడుకి అన్నీ దాక్కుని ఉంటాయి. తర్వాత జమ్ము కాడల మీద చూపు నిలపండి. నీటికి జానెడు పైన గోధుమరంగు పురుగొకటి కాడను కరుచుకుని ఉండొచ్చు. అది తూనీగ పిల్ల. నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏళ్ల తరబడి, నీళ్లలో బతికి ఇప్పుడు పైకెక్కింది. వీపు చీలుతుంది, తల వస్తుంది, కాళ్లు వస్తాయి. కాళ్లు గట్టిపడేదాకా తలకిందులుగా వేలాడి, ఒక్క ఊపున పైకి లేచి తోకను లాగేసుకుంటుంది. ముడతలు పడ్డ రెక్కలు పాలరంగులో విప్పుకుని, చూస్తుండగానే గాజులా తేటపడతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఊపిరి ఆగినట్టే ఉంటుంది.

కాడకు మిగిలిన కుబుసాలను లెక్కపెట్టి రాసుకోండి. ఎగిరే తూనీగ ఎక్కడినుంచైనా వచ్చి ఉండొచ్చు, కుబుసం మాత్రం అది ఈ నీళ్లలోనే పెరిగిందనడానికి రుజువు.

నీటి తేటదనం కొలవడానికి 20 సెంటీమీటర్ల గుండ్రటి పళ్లెం చాలు. నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి రంగు వేయండి. కింద బరువు కట్టి, పది సెంటీమీటర్లకో గుర్తు పెట్టిన తాడుతో మధ్యాహ్నం వేళ, నీడ పడే వైపు నుంచి దించండి. కనిపించకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు, రెండింటి సగటు రాసుకోండి. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ శాస్త్రవేత్త సముద్రంలో తెల్ల బిళ్ళలు దించి చూసిన పద్ధతే ఇది. ఒక్క రోజు అంకెతో ఏమీ తేలదు. నెలనెలా తగ్గుతూ పోతే మట్టి కొట్టుకొస్తోందా, నాచు పెరుగుతోందా అని వెతకాలి.

పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే వెంటనే ఆలోచించండి. నాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. అందుకే తెల్లవారేసరికి నీటిలో అది అడుగంటుతుంది. అలాగని మందు పోసి నాచునంతా ఒకేసారి చంపకండి, కుళ్లేటప్పుడు మిగిలిన కాస్తా లాగేస్తుంది. మురుగో, ఎరువు కలిసిన నీరో ఎక్కణ్నుంచి దిగుతోందో గట్టు వెంట నడిచి పట్టుకోండి. అసలు పని అక్కడుంది.

గుర్రపుడెక్కను మాత్రం వదలొద్దు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క నీటి మీద పాకే కాడల నుంచి కొత్త పిలకలేస్తూ నీటిని మూసేస్తుంది. పూత రాకముందే వేళ్లతో సహా తీయండి. గింజ రాలితే బురదలో ఏళ్లపాటు బతికుంటుంది. అక్కడే పుట్టిన జమ్ము, తుంగ మరీ పెరిగిపోతే పక్షులు గూళ్లు వదిలాక, ఏడాదికి మూడో వంతుకు మించకుండా కోయండి. తీసిన మొక్కలను ఒక రోజు గట్టు అంచునే ఉంచితే వాటిలోని నత్తలు, పురుగులు నీళ్లలోకి తిరిగి పాకుతాయి. తర్వాత దూరంగా తీసుకెళ్లాలి, లేకపోతే కుళ్లి మళ్లీ నీటిలోకే చేరుతుంది. ఇంట్లో పెంచలేని చేపల్ని, తాబేళ్లను తెచ్చి వదలకండి. ఒక నీటి నుంచి ఇంకో నీటికి వెళ్లేముందు చెప్పులు, వలలు కడిగి ఆరబెట్టండి.

ఎండిన కుంట కనిపిస్తే చచ్చిపోయిందని మట్టి పోసేస్తారు. నాకు అన్నిటికంటే బాధ అదే. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో చిత్తడి నేలల రక్షణకు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం కొన్నాళ్లే నీరుండే చోట్లను కూడా చిత్తడి నేలలుగానే లెక్కించింది. ఆ ఎండు బురదలో రొయ్యల్ని పోలిన చిన్న జీవుల గుడ్లు ఏళ్ల తరబడి వేచి ఉండగలవు. వాన పడి కుంట నిండిన కొన్ని రోజులకు ఒక గాజు సీసాలో ఆ నీరు పట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. వెల్లకిలా ఈదే సన్నటి ప్రాణులు కనిపిస్తే తేదీ రాసుకుని, ఆ నీటిని ఎక్కడ ముంచారో అక్కడే పోయండి.