జనరేటర్ ఆగిందా? ముందు ట్యాంకు అడుగు డీజిల్ సీసాలో పట్టి చూడండి

మాది మలికిపురం వైపు. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. ఇక్కడ మూడెకరాల వనామి రొయ్యల చెరువులు, ఆ నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు, కరెంటు పోతే నడిచే డీజిల్ జనరేటర్ నేనే చూసుకుంటాను. కిందటేడు అక్టోబరు ముసుర్లో ఒక రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. జనరేటర్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఇరవై నిమిషాలయ్యాక శబ్దం మారి, పైకీ కిందికీ ఊగి, ఆగిపోయింది. కాసేపాగి మళ్లీ సెల్ఫ్ కొడితే స్టార్టయింది, ఐదు నిమిషాల్లో మళ్లీ ఆగింది. తెల్లారేసరికి రొయ్య గట్టు వారకి వచ్చి పైకి తేలుతోంది. ఆక్సిజన్ గుళికలు చల్లి, పక్క చెరువు వాళ్ల జనరేటర్ నుంచి వైరు లాక్కుని చాలావరకు దక్కించుకున్నాం. ఆ రాత్రి నాకు తెలిసుంటే బావుండేదనిపించిన సంగతులే ఇవి.

అంతకు రెండు వారాల ముందే చిన్నగా ఇబ్బంది పెట్టింది. అప్పుడొచ్చిన మెకానిక్ ఇంజను డీజిల్ పంపు పోయిందని విప్పి పట్టుకెళ్లి, బాగుచేసి తెచ్చి తొమ్మిది వేలు తీసుకున్నాడు. ట్యాంకు మూత కూడా తీసి చూడలేదు. రెండోసారి ఊళ్లో పాత పడవ ఇంజన్లు చేసే బాబాయిని పిలిచాను. ఆయన స్పానర్ ముట్టుకోకముందే ఖాళీ వాటర్ బాటిల్ ఒకటి అడిగాడు. ట్యాంకు కింది ప్లగ్గు వదులు చేసి డీజిల్ పట్టి, కదపకుండా అరుగు మీద పెట్టాడు. పావుగంటకి అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు తేరాయి. నీటికీ డీజిల్‌కీ మధ్యన నల్లగా పాకుడులాంటి పొర. "ఇంజనుకేం రాలేదమ్మా, అది తాగిందే బాలేదు" అన్నాడు.

లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములే. అందుకే నీరెప్పుడూ అడుక్కి చేరుతుంది. మన గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగలు వేడెక్కిన గాలి రాత్రి చల్లబడితే గోడలకి చెమట పట్టి కిందికి జారుతుంది. ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్యన సూక్ష్మజీవులు, బూజు పెరుగుతాయి. ఆ జిగటే ఫిల్టర్‌ని పూడుస్తుంది. ఆగిన ఇంజను కాసేపటికి మళ్లీ స్టార్టవడానికి కారణమూ ఇదే. పూడుకున్న ఫిల్టర్‌లోంచి డీజిల్ మెల్లగా ఊరి నిండుతుంది, అది అయిపోగానే మళ్లీ ఆగుతుంది. లోడు వెయ్యగానే పడిపోతూ ఉంటే ముందు ఫిల్టర్‌ని అనుమానించండి. తెల్ల పొగ, మిస్సింగ్ (ఇంజను మధ్యమధ్య తడబడడం), స్టార్టవడానికి మొండికెయ్యడం ఉంటే నీళ్లు లోపలిదాకా వెళ్లి ఉండొచ్చు. అలాంటప్పుడు పదేపదే సెల్ఫ్ కొట్టకండి. డీజిల్ పంపుకీ, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకీ డీజిలే నూనె. నీళ్లు నడిస్తే అవి అరిగిపోతాయి, తుప్పు పడతాయి.

సీసా పరీక్షకి పొద్దున్నే, ఇంజను వెయ్యకముందు, తెల్ల సీసాలో అడుగు డీజిల్ పట్టండి. మంచి డీజిల్ లేత పసుపుగా, వెనక పెట్టిన పేపరు అక్షరాలు కనిపించేంత తేటగా ఉంటుంది. మసగ్గా ఉంటే నీరు కలిసిపోయిందన్నమాట. ఎర్రగా ముదిరి, వార్నిష్ వాసనొస్తే అది పాతబడిపోయింది.

బాగాలేదని తేలాక ఫిల్టర్ ఒక్కటీ మార్చి ఊరుకుంటే పది రోజులకి మళ్లీ మొదటికొస్తుంది. బ్యాటరీ వైరు తీసేసి, బీడీ కాల్చేవాళ్లని దూరంగా పంపి, ట్యాంకులోని డీజిల్ పూర్తిగా దింపండి. అడుగు మడ్డిని పోగులు ఊడని గుడ్డతో తుడిచి, కాస్త మంచి డీజిల్ పోసి కడిగి, అదీ దింపెయ్యండి. నీళ్లూ సర్ఫూ వద్దు. ట్యాంకు నుంచి ఫిల్టర్‌కి వచ్చే పైపు ఊది చూడండి, మాకు దాన్లో కూడా జిగట దొరికింది. ఫిల్టర్లు రెండుంటే రెండూ మార్చండి.

తర్వాత ఎయిర్, అంటే డీజిల్ పైపుల్లో చిక్కుకున్న గాలి, తియ్యాలి. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు, నిజానికి కష్టమేం కాదు. ట్యాంకు కుళాయి తిప్పి, ఫిల్టర్ పైనున్న చిన్న స్క్రూ వదులు చేసి, డీజిల్ ఎక్కించే చేతి ప్రైమర్ కొడుతూ ఉండండి. మొదట నురగ, బుడగలు వస్తాయి. బుడగలు లేకుండా డీజిల్ ధారగా వచ్చినప్పుడు, కొడుతూనే స్క్రూ బిగించండి. పంపు మీదున్న స్క్రూ దగ్గరా అలాగే చెయ్యండి. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు అర చుట్టు వదులు చేసి, బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి, పది సెకన్లకి మించకుండా సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటీ బిగించాలి. ఆ సమయంలో చెయ్యి అడ్డం పెట్టకండి. ఇది పాతరకం పంపు ఉన్న ఇంజన్లకే. కొత్త కామన్ రైల్ ఇంజన్లలో (అన్ని నాజిళ్లకీ ఒకే గొట్టం నుంచి బాగా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) ఆ పైపుల జోలికి అస్సలు వెళ్లకండి. అక్కడి ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి పోయే ప్రమాదం.

మాకు అసలు నీళ్లు వచ్చింది డ్రమ్ము నుంచి. ఏప్రిల్లో కొన్న డ్రమ్ముని కారే షెడ్డులో నిలబెట్టి ఉంచాను. పై రేకు అంచు లోపల వాననీరు నిలుస్తుంది. ఎండకి డ్రమ్ము గాలి వదులుతుంది, చల్లబడ్డప్పుడు బిరడా సందులోంచి ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. బిరడా గట్టిగానే ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. ఇప్పుడు దుంగల మీద పడుకోబెట్టి, రెండు బిరడాలూ అటూ ఇటూ పక్కలకి ఒకే ఎత్తులో, డీజిల్ మట్టానికి కిందుండేలా పెడుతున్నాను. కొన్న తేదీ పెయింటుతో రాస్తాను, మూడు నెలల్లో వాడేస్తాను. జింకు పూత ఉన్న పాత్రల్లో డీజిల్ నిల్వ చెయ్యకూడదు, ఆ లోహం డీజిల్‌తో కలిసి మడ్డి కడుతుంది.

వరద తగ్గిన కొత్తలో బంకు భూగర్భ ట్యాంకుల్లోకి కూడా నీరు చేరొచ్చు. క్యాను నింపించుకునే ముందు ఒక సీసాలో పట్టించి చూడండి. డెన్సిటీ, అంటే లీటరు డీజిల్ ఎంత తూగుతుందో, చూపించమని అడిగే హక్కు మనకుంది, మొహమాటపడకండి. కిరోసిన్ కలిపితే లోపల శుభ్రమవుతుందని చెప్పేవాళ్లున్నారు, వినకండి. పంపుకి అందే నూనెతనం తగ్గిపోతుంది.

తీసిన పాడు డీజిల్ కాలువలో పొయ్యకండి. ఆ నీళ్లే మంచినీళ్ల చెరువులకి వెళ్తాయి. నేను మూతున్న క్యానులో పోసి, వాడేసిన ఇంజనాయిల్ కొనేవాళ్లకి ఇచ్చేశాను.

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఏరియేటర్లు జనరేటర్ మీద వేసి అరగంట నడుపుతాను. ఊరికే ఖాళీగా తిప్పితే ఫిల్టర్ సంగతి బయటపడదు. ఆపాక ట్యాంకు నిండా పోస్తాను. మర్నాడు పొద్దున్న అడుగు ప్లగ్గు నుంచి అరగ్లాసు డీజిల్ తీసి చూస్తాను. షెడ్డు గోడకి ఒక డబ్బా వేలాడదీశాను. అందులో రెండు కొత్త ఫిల్టర్లు, స్పానర్లు, టార్చిలైటు, ఒక ఖాళీ సీసా ఉంటాయి. మొన్న వాయుగుండానికి తొమ్మిది గంటలు కరెంటు లేదు. డబ్బా తియ్యాల్సిన పని పడలేదు.