స్పీడ్ టెస్టులో 94, వీడియో కాల్‌లో ముక్కలు: నా అనుభవం

మాది నల్గొండ, 100 ఎంబీపీఎస్ ప్లాన్. టెస్టులో 94 దాకా వస్తది, రాత్రయితే మాత్రం వీడియో కాల్ ఆగాగి వచ్చేది. రౌటర్ మార్చినా, వైఫై ఛానల్ మార్చినా, ఫిర్యాదు చేసినా ఫరక్ పడలే.

ముందు ల్యాప్‌టాప్‌కు లాన్ కేబుల్ పెట్టి వైఫై ఆపిన. 8.8.8.8కు (గూగుల్ సర్వర్ అడ్రస్) ఆగకుండా పింగ్ నడిపిన, అంటే చిన్న సందేశం పోయి రావడానికి ఎంత టైమ్ పడుతదో చూసిన: 18 మిల్లీసెకన్లు. అది నడుస్తుండగానే పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్‌కు పెట్టిన. పింగ్ 400 దాటింది! అప్‌లోడ్ నిండితే ప్యాకెట్లు (డేటా ముక్కలు) రౌటర్‌లనే లైన్ కడతయి. ఖాళీ కనెక్షన్ మీద కొలిస్తే ఇది కనబడదు. మా ఇంట్లో ఫోన్ల ఫొటో బ్యాకప్ నడిచేది రాత్రే.

అప్‌లోడ్ పూర్తిగా నిండకుండా, రౌటర్ క్యూఓఎస్‌లో (ట్రాఫిక్‌ను అదుపు చేసే సెట్టింగ్) అప్‌లోడ్ పరిమితి 85 ఎంబీపీఎస్‌కు పెట్టిన, అంటే కొలిచిన దాంట్లో దాదాపు 90 శాతం. మళ్లీ అదే వీడియో ఎక్కిస్తే పింగ్ 30 లోపే ఉంది.

అందరికీ పనిచేస్తదని చెప్పలేను. అప్‌లోడ్, డౌన్‌లోడ్ ఏదీ నడవనప్పుడు, కేబుల్ మీద కూడా పింగ్ ఎగిరితే లోపం బయటి లైన్‌లో ఉండొచ్చు. కొన్ని రౌటర్లలో క్యూఓఎస్ ఉండనే ఉండదు.