కొట్టంలో ఏళ్లుగా నిలిచిన పాత కారును మొదటిసారి లేపేటప్పుడు

ఆదోని జిన్నింగు మిల్లు గోడౌన్లోనో, ప్రొద్దుటూరులో పాతింటి వెనక కొట్టంలోనో పట్ట కప్పిన కారొకటి ఉందని కబురొస్తుంది. పోయి పట్ట తీస్తే స్టాండర్డ్ హెరాల్డ్, లేదా సిపాని డాల్ఫిన్. ఆ ఊపులో చాలామంది చేసే మొదటి పని కొత్త బ్యాటరీ తెప్పించి సెల్ఫ్ కొట్టడం. ఇరవై ఏళ్లు బతికిన ఇంజను ఆ పది సెకన్లలో పోతుంది. అంబాసిడర్‌కైతే పార్టు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. హెరాల్డ్‌కు, డాల్ఫిన్‌కు విరిగిందంటే వెతుకులాటే. అందుకే మొదటి రోజు బ్యాటరీ జోలికి పోవద్దు.

పట్ట తీశాక ఏదీ ముట్టుకోకముందే ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. బానెట్ లోపల వైర్లు, హోసులు ఎటునుంచి ఎటు పోతున్నాయో దగ్గరగా తీయండి. తర్వాత బిగించేటప్పుడు ఇవే దిక్కు. డోర్లు పొడుగు కట్టెతో తెరిచి అరగంట అట్లే వదిలేయండి. మన ప్రాంతంలో సీట్ల కింద తేళ్లు, పాములు మామూలే. ఎయిర్ క్లీనర్‌లో ఎలుకల గూడు, సైలెన్సర్ గొట్టంలో కందిరీగ మట్టి గూడు ఉన్నాయేమో చూడాలి. ఎలుకలు వైర్ల మీద పొర కొరికేసి ఉంటే రాగి బయటపడి ఉంటుంది. బ్యాటరీ కలపగానే అక్కడే నిప్పు లేస్తుంది.

ఏ బండో తెలియాలంటే కొన్ని గుర్తులు. హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో తయారైంది. దాని బానెట్ ముందు మడ్‌గార్డులతో కలిపి మొత్తంగా ముందుకు ఒరుగుతుంది. కింద విడిగా చాసిస్ ఉంటుంది, తుప్పు ముందు చాసిస్ పక్క చేతులనే తింటుంది కాబట్టి పైన బాడీ మెరుస్తోందని మోసపోవద్దు, పడుకుని కిందికి చూడండి. డాల్ఫిన్ బెంగళూరు బండి, ఫైబర్ బాడీ, 848 సి.సి. అల్యూమినియం ఇంజను. చిన్న అయస్కాంతం డోరుకు ఆనించండి, పట్టుకోకపోతే ఫైబరే. అదే అయస్కాంతం ప్రీమియర్ పద్మిని మీద ఏదైనా చోట జారిపోతే, అక్కడ పెయింటు కింద పుట్టీ మందంగా పూశారని లెక్క.

కర్నూలులో దొరికిన బండికి ఇంకో పరీక్ష ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు అది ఎక్కడుందో అడగండి. జవాబు ఎట్లా ఉన్నా డోరు లోపలి అట్ట ఒకటి విప్పండి. అడుగున ఎండిన ఒండ్రుమట్టి, సీటు స్ప్రింగుల మీద ఒకే ఎత్తు వరకు తుప్పు గీత కనబడితే ఆ బండి మునిగింది. అప్పుడు గేర్‌బాక్సు, వెనక డిఫరెన్షియల్ నూనె కూడా దించి చూడకుండా ధర మాట్లాడొద్దు.

ఇక ఇంజను. ప్లగ్గుల చుట్టూ దుమ్మును గాలి కొట్టి పోగొట్టండి, లేకుంటే ప్లగ్గు తీయగానే ఆ ఇసుకంతా సిలిండర్లో పడుతుంది. వైర్లకు 1, 2, 3, 4 అని టేపు చుట్టి గుర్తు పెట్టాకే ప్లగ్గులు విప్పండి. హెరాల్డ్, అంబాసిడర్, పద్మినిలకు ఫైరింగ్ వరుస, అంటే సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే క్రమం, 1-3-4-2. ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల పలుచని నూనె పోయండి. సగం ఇంజను ఆయిలు, సగం డీజిలు సరిపోతుంది. రెండు రోజులు ముట్టుకోవద్దు. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కుని ఉంటాయి, ఆ సందుల్లోకి నూనె దిగడానికి కాలం కావాలి.

మూడో రోజు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండిల్ పెట్టే బండైతే దానితో నెమ్మదిగా తిప్పండి. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలి. హ్యాండిల్‌ను పిడికిలితో చుట్టి పట్టుకుంటే, వెనక్కి తన్నినప్పుడు మణికట్టు విరుగుతుంది. కదలకపోతే బలం పెట్టొద్దు, మళ్లీ నూనె పోసి వారం ఆగండి. తర్వాత టాప్ గేరులో పెట్టి బండిని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపండి. తాడు కట్టి ట్రాక్టరుతో లాగించి లేపడం మాత్రం వద్దు. రింగులు ముక్కలయ్యేది అక్కడే.

తిరిగిందని సంబరపడే ముందు పైన ట్యాపెట్ మూత విప్పండి. ఒకరు హ్యాండిల్ తిప్పుతుంటే ఇంకొకరు ఎనిమిది వాల్వులూ దిగి మళ్లీ పైకి వస్తున్నాయో లేదో చూడాలి. తాను జారే గొట్టంలో (గైడులో) ఇరుక్కున్న వాల్వు కిందనే ఉండిపోతుంది. అట్లే స్టార్ట్ చేస్తే వాల్వును ఆడించే పుష్‌రాడ్ వంగుతుంది, పిస్టన్ తగిలినా తగలొచ్చు. ఇరుక్కున్న దాని కాండానికి నూనె చుక్కలు వేసి, పుల్లతో మెల్లగా తడుతూ ఆడించాలి. ఈ ఒక్క పనికి పూట పట్టినా నష్టం లేదు.

పాత ఆయిలు దించండి. పాలలాగా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టు, పెట్రోలు వాసన వస్తే ఫ్యూయల్ పంపులోని పొర (డయాఫ్రం) చినిగినట్టు. ఫిల్టరు మార్చి 20డబ్ల్యు-50 ఆయిలు పోయండి, అంబాసిడర్‌కు నాలుగు లీటర్ల పైచిలుకు పడుతుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు వద్దు. అనంతపురం బోరు నీళ్లతో లోపల తెల్లగా గార కడుతుంది, సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే పోయండి, డాల్ఫిన్ అల్యూమినియం ఇంజనుకు దానితో పాటు కూలంట్ కూడా తప్పనిసరి.

ట్యాంకులో పెట్రోలు జిగురై ఉంటుంది, దాన్ని అసలు వాడొద్దు. లైను విప్పి, చిన్న డబ్బాలో లీటరు కొత్త పెట్రోలు పెట్టి పంపుకు కొత్త హోసు కలపండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు దానికి మెత్తబడి చిట్లుతుంది. అందుకే ఇథనాల్ తట్టుకునే హోసు అడిగి కొనాలి. మంటలార్పే సిలిండరు పక్కనే ఉండాలి.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల మీద పొర కట్టి కరెంటు దాటదు. సన్నటి ఆకురాయితో రెండు మూడుసార్లు గీకి, శుభ్రమైన కాగితంతో తుడిచి, సందు 0.4 మి.మీ. పెట్టండి. ఇప్పుడు బ్యాటరీ. కొన్ని పాత బ్రిటిష్ డిజైను బండ్లలో బాడీకి కలిసేది ప్లస్. ఏ తీగ బాడీకి పోతోందో చూడకుండా కలిపితే పరికరాలు కాలిపోతాయి.

ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ పది సెకన్లు తిప్పి ఆపండి, కాస్త ఆగి మళ్లీ తిప్పండి. ఆయిలు లైటు ఆరేదాకా ఇట్లే చేయాలి. ఆరాక ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. పోసిన నూనె కాలి మొదట నీలం పొగ దట్టంగా వస్తుంది, దానికి భయపడొద్దు. పది నిమిషాల తర్వాత కూడా తగ్గకపోతే రింగులు లేదా వాల్వు సీళ్లు చూడాలి. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు, వెంటనే ఆపేయండి.

ఇంజను స్టార్టయిందని రోడ్డెక్కకూడదు. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వీల్ సిలిండర్ల లోపల గుంటలు పడి ఉంటాయి. పెడల్ మొదటి నాలుగుసార్లు గట్టిగానే అనిపించి అయిదోసారి నేలకు దిగిపోవచ్చు. నాలుగు చక్రాలూ విప్పి చూడాల్సిందే. కింద కడప బండలు పరిచిన నేలైతే జాకీ కింద మందపాటి చెక్క వేయండి, బండ పగిలి జాకీ జారుతుంది. హెరాల్డ్ ముందు చక్రాలు పక్కకు తిరిగే కింది కీళ్లకు, అంటే ట్రనియన్లకు, గ్రీజు కొట్టొద్దు, వాటికి 90 గేర్ ఆయిలు కావాలి. ఎండిపోయిన ట్రనియన్ విరిగి చక్రం పక్కకు ఒరిగిపోతుంది.

కొనేముందు ఆర్‌సిలో ఉన్న చాసిస్ నంబరు, బండి మీద కొట్టిన నంబరు అక్షరం అక్షరం సరిచూడండి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనానికి 2021 నిబంధనల ప్రకారం వి.ఎ. అక్షరాలున్న వింటేజ్ నంబరు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. రోజువారీ తిరుగుడుకూ, బాడుగకూ ఆ నంబరు పనికిరాదు. చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి కాబట్టి వేరే ఇంజను ఎక్కించిన బండికి ముందే జాగ్రత్తపడండి.

ఇంటికి తెచ్చేది ఫ్లాట్‌బెడ్ లారీ మీదే. తాడు బంపరుకు కట్టకుండా, యాక్సిల్‌కూ చాసిస్‌కూ పట్టీలు వేయించండి. డాల్ఫిన్ అయితే పట్టీ ఎక్కడా ఫైబర్‌ను నొక్కకుండా చూడాలి, గతుకుల్లో అక్కడే చీలిక వస్తుంది.